గేటుకు ఎన్ని లీటర్లు?

కొండాపురంలో ఇంటి ముందు ఇనప గేటుకు రంగు వేయించాలంటే ముందు వెళ్లేది హార్డ్‌వేర్ దుకాణానికే. ‘ఎంత పడతాదన్నా?’ అంటే కౌంటర్ వెనకున్నాయన గేటు కొలత కూడా అడగడు. ‘లీటరు తీసకపో అబ్బయ్యా, చాలకపోతే మళ్లీ రావచ్చులే’ అంటాడు. నిజమే. చాలకపోతే ఇంకో అర లీటరు తెచ్చుకోవచ్చు. మిగిలితే కిటికీ ఊచలకు వేసుకోవచ్చు. ఇంటి గేటు విషయంలో లెక్క తప్పినా మునిగిపోయేదేం లేదు.

మునిగిపోయే గేట్లు వేరే ఉన్నాయి.

ఇదే మెట్ట ప్రాంతంలో ఆత్మకూరు దాటి వెళితే పెన్న మీద సోమశిల. 78 టీఎంసీల నీటిని ఆపి నిలబెట్టేది ఒకవైపు మట్టి, కాంక్రీటు అయితే మరోవైపు 12 ఉక్కు గేట్లు. ఆ ఉక్కుకీ నీటికీ మధ్య అడ్డుగా ఉండేది ఓ పల్చటి రంగు పొర. మందం మిల్లీమీటరులో మూడో వంతు! అది ఉన్నంతకాలం ఉక్కు ఉక్కులా ఉంటుంది. పోయిందంటే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఎంత పని చేస్తుందో ఒంగోలు చుట్టుపక్కల వాళ్లని అడిగితే తెలుస్తుంది.

ప్రకాశం జిల్లా మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ మీద కట్టిన కందుల ఓబులరెడ్డి జలాశయం 2008లో ప్రారంభమైంది. రబీలో 80 వేల ఎకరాలకు సాగునీరు, ఒంగోలుకు తాగునీరు దాని లక్ష్యం. 2022 ఆగస్టు ఆఖరున అక్కడ ఓ గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెళ్లీ వెళ్లకముందే మరో గేటు పోయింది. నిల్వ నీరు చూస్తుండగానే సముద్రం దారి పట్టింది. తుప్పు పట్టిన గేట్లను పట్టించుకోలేదన్న విమర్శలు అప్పట్లో గట్టిగానే వచ్చాయి. కట్టి పద్నాలుగేళ్లు. మనిషి వయసులో చూస్తే ఇంకా తొమ్మిదో తరగతి!

అలాగని పాతవి భద్రంగా ఉన్నాయనీ కాదు. రాయలసీమకు ప్రాణాధారమైన తుంగభద్ర డ్యాంలో 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది. గేటు వరదలో కలిసిపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో ప్రవాహం మధ్యే స్టాప్‌లాగ్‌లు దించి నీటిని ఆపడం అందరూ టీవీల్లో చూసిందే. ఏడు దశాబ్దాల వయసున్న ఆ డ్యాంకి మొత్తం 33 గేట్లనూ మార్చాలని ఆ తర్వాత నిర్ణయించారు.

గేట్లు పోవడానికి కారణాలు చాలానే ఉంటాయి. గొలుసులు, రోప్‌లు, బేరింగులు, డిజైను... అన్నిటికీ రంగే మందు కాదు. కానీ తుప్పుకు మాత్రం మొదటి మందు అదే. ఆ మందు ఎంత కావాలో, ఎలా వెయ్యాలో లెక్క తేల్చడం ఓ విద్య. మన దగ్గర ఆ విద్యను చాలామంది చేత్తో నేర్చుకున్నవారే తప్ప బడిలో నేర్చుకున్నవారు తక్కువ.

లీటరును పరిస్తే...

ఓ లీటరు నీటిని మీటరు పొడవు, మీటరు వెడల్పున్న పళ్లెంలో పోశారనుకోండి. ఎంత ఎత్తున నిలుస్తుంది? సరిగ్గా ఒక మిల్లీమీటరు. అంటే వెయ్యి మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఆ లీటరునే పది చదరపు మీటర్లకు పరిస్తే మందం వంద మైక్రాన్లకు దిగుతుంది. పెయింటు లెక్కకు పునాది ఇంతే. ఇందులో అర్థం కాని బ్రహ్మవిద్యేం లేదు.

చిక్కు ఎక్కడంటే, డబ్బాలో ఉన్నదంతా గోడ మీద మిగలదు. కొంత థిన్నర్, ఆవిరైపోతుంది. మిగిలేది గట్టి పదార్థం. వంద పాళ్లలో అది ఎంతన్నది కంపెనీలు ఇచ్చే వివరాల కాగితంలో రాసి ఉంటుంది. సగం ఉందనుకుంటే, పది చదరపు మీటర్లకు పరిచిన లీటరు ఆరాక వంద మైక్రాన్లు కాదు, యాభయ్యే. కొనేటప్పుడు డబ్బా ధర చూస్తాం కానీ ఈ అంకె చూడం. తక్కువ ధరకు వచ్చిన డబ్బాలో గట్టి పదార్థం కూడా తక్కువే అయితే, ఆరిన పొర లెక్కన అదే ఎక్కువ ధర పడుతుంది!

ఇక గేటు దగ్గరకు వద్దాం. 15 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తున్న ఓ గేటు అనుకుందాం. నీళ్ల వైపు చూస్తే పెద్ద ఉక్కు పలక, 180 చదరపు మీటర్లు. అవతలి వైపు కూడా అంతే కదా అని రెండుతో గుణించి 360 అని రాసుకున్న కాంట్రాక్టరు ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. బిల్లు వచ్చిన రోజే లేచి కూర్చుంటాడు. ఎందుకంటే గేటు వీపు పలకలా ఉండదు. దాని మీద అడ్డంగా గిర్డర్లు ఉంటాయి. మీటరు లోతు, నలభై సెంటీమీటర్ల అంచులు ఉన్న గిర్డరైతే నడుముకు రెండు వైపులు, పైఅంచు, కిందిఅంచు అన్నీ కలిపి మీటరు పొడవుకు 3.6 చదరపు మీటర్లు తేలుతుంది. 15 మీటర్లకు 54. అలాంటివి నాలుగుంటే 216. గేటును మోసే చేతులు, నిలువు పట్టీలు ఇంకా కలపనే లేదు. మొత్తం 600 దాటినా ఆశ్చర్యం లేదు. పలకను చూసి ధర చెప్పినవాడు, గిర్డర్ల దగ్గర మునుగుతాడు.

టన్నుల లెక్కన ధర ఒప్పుకునేవాళ్లది మరో కథ. ఉక్కు ఎంత పలచనైతే టన్నుకు అంత ఎక్కువ విస్తీర్ణం. పది మిల్లీమీటర్ల పలక టన్నుకు రెండు వైపులా కలిపి దాదాపు 25 చదరపు మీటర్లు. అయిదు మిల్లీమీటర్లదైతే 51. పెద్ద పెద్ద గిర్డర్ల పని చేసి లాభం చూసినవాడు అదే రేటుకు సన్న యాంగిళ్ల షెడ్డు ఒప్పుకున్నాడంటే అంతే సంగతులు. ముడతల రేకుల కప్పుకూ ఇలాంటి కిటుకే. పైనుంచి కొలిస్తే వంద చదరపు మీటర్లున్న రేకుకు ప్రభుత్వ కొలతల పద్ధతిలో 1.14తో గుణించమంటారు. ముడతల్లో దాక్కున్న పద్నాలుగు చదరపు మీటర్లన్నమాట.

ఆ ఇరవై రెండు లీటర్లు

జలాశయాల గేట్లకు రంగు ఎలా వెయ్యాలన్నదానికి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా ఓ పత్రం వెలువరించింది. ఐఎస్ 14177. టెండర్లలో తరచూ కనిపించే పద్ధతి ఇది: నీళ్లు తగిలే భాగానికి ముందు జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ 70 మైక్రాన్లు, దాని మీద కోల్‌తార్ ఎపాక్సీ రెండు కోట్లు, ఒక్కోటి 150 మైక్రాన్లు. కోటుకీ కోటుకీ మధ్య ఓ రోజు. అన్నీ కలిపి 350కి తగ్గకూడదు. మిల్లీమీటరులో మూడో వంతు అన్నది దీన్నే.

లెక్క తేలిగ్గా ఉండేందుకు 600 చదరపు మీటర్లకూ ఇదే పూత అనుకుందాం. ప్రైమర్‌లో గట్టి పదార్థం సగం. లీటరు ఏడు చదరపు మీటర్ల పైచిలుకు వస్తుంది. 84 లీటర్లు కావాలి. ఇది కాగితం మీది లెక్క. నిజానికి స్ప్రే చేస్తుంటే గాలికి కొంత పోతుంది, డబ్బా అడుగున, గొట్టాల్లో కొంత మిగులుతుంది. మూలల్లో రెండుసార్లు పడుతుంది. గరుకు ఉక్కు మీద గుంటలు నిండడానికే కొంత ఖర్చవుతుంది. గాలి ఉండే చోట నూటికి నలభై వంతు పోవడం అసాధారణమేం కాదు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నలభై శాతం నష్టం కదా అని 84కి నలభై శాతం కలిపి 118 లీటర్లు తెప్పిస్తారు. తప్పు! కొన్న పెయింటులో నలభై పోతే గేటుకు చేరేది అరవై. అరవై వంతు 84 లీటర్లు కావాలంటే కొనాల్సింది 140. తేడా 22 లీటర్లు. గేటు మూడొంతులు పూర్తయ్యాక డబ్బాలు ఖాళీ అవుతాయి. టౌనుకు వెళ్లి తేవాలంటే రోజు పోతుంది, కూలి దండగ. మరి ఆ 22 లీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? చాలాసార్లు థిన్నర్ డబ్బాలోంచే వస్తాయి. రంగు పలచబడుతుంది. చూడ్డానికి తేడా తెలీదు. గేటు అంతా ఒకే రంగులో నిగనిగలాడుతూనే ఉంటుంది. 70 మైక్రాన్లు ఉండాల్సిన చోట 45 ఉన్న సంగతి కంటికి కనపడదు. నాలుగేళ్లకు కనపడుతుంది.

ఎపాక్సీ కోట్లకు ఇలాగే లెక్కేస్తే థిన్నర్ దాదాపు ఉండదు కాబట్టి కోటుకు 90 లీటర్లు, రెండింటికి 180. నష్టం నూటికి ముప్పయ్ అనుకుంటే 257. ప్రైమర్‌తో కలిపి ఒక్క గేటుకు నాలుగు వందల లీటర్లు! అలాంటివి పన్నెండు, ముప్పయ్ మూడు ఉన్న చోట ఎంతో ఊహించుకోవచ్చు.

తడిగా ఉన్నప్పుడే మందం తెలుసుకునే సాధనం ఒకటుంది. చూడ్డానికి పేలదువ్వెనలా ఉంటుంది. పళ్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు. తడి రంగులో గుచ్చి తీస్తే ఏ పన్ను దాకా అంటిందో అదే మందం. ఆరాక 70 మైక్రాన్లు కావాలంటే, సగం ఆవిరయ్యే రంగు తడిగా 140 ఉండాలి. జేబులో పట్టే ఈ దువ్వెన ఖరీదు పెయింటు డబ్బాతో పోలిస్తే లెక్కలోది కాదు. అయినా చాలామంది మేస్త్రీల జేబుల్లో బీడీకట్ట ఉంటుంది కానీ ఇది ఉండదు. తప్పు వాళ్లదనుకోవడానికీ లేదు, ఎవరూ ఇవ్వరు మరి.

రంగు కన్నా ముందు

ఎన్ని లీటర్లు తెచ్చినా తుప్పు మీద వేస్తే దండగే. తుప్పు ఉక్కుకన్నా ఎన్నో రెట్లు జాగా తీసుకుంటుంది. కింద అది ఉబ్బుతుంటే పైన రంగు అప్పడంలా లేస్తుంది. అందుకే గాలి ఒత్తిడితో గరుకు రజను చిమ్మి ఉక్కును గీకేస్తారు. ఎంత గీకాలన్నదానికి స్వీడన్ వాళ్లు ఒకప్పుడు ఫొటోలతో ఓ ప్రమాణం తయారుచేశారు. అదే తర్వాత అంతర్జాతీయమైంది. గేట్లకు కావాల్సింది దాదాపు తెల్లటి లోహం తేలేదాకా. పరిశ్రమలో దాని పేరు ‘ఎస్ఏ రెండున్నర’. అలా తేలిన ఉక్కు అప్పుడే తోమిన ఇత్తడి చెంబులాంటిది, గాలి తగిలితే చాలు రంగు మారుతుంది. గంటల్లోనే ప్రైమర్ పడాలి. ఉదయం గీకి ‘రేపు వేద్దాం’ అనుకుంటే మళ్లీ గీకాల్సిందే. పని ఖర్చులో పెద్ద వాటా ఈ శుభ్రానిదే. కోత పెట్టాలంటే అందరి కళ్లూ పడేదీ దీని మీదే. వైరు బ్రష్షు, ఎమరీ కాగితంతో సరిపెట్టేస్తారు.

ఇసుక చిమ్మితే చవక. కానీ ఆ దుమ్ములోని సిలికా చిమ్మే మనిషి ఊపిరితిత్తుల్లో చేరి రాయిలా గట్టిపడుతుంది. సిలికోసిస్. దానికి మందు లేదు. బ్రిటన్‌లో ఇసుకతో చిమ్మడాన్ని 1949లోనే నిషేధించారు. రాగి కర్మాగారాల చిట్టెం, ఉక్కు రజను వాడవచ్చు. ఖర్చు ఎక్కువే. అంచనా వేసే కాగితంలో ఈ వరుసను ఎవరు కొట్టేసినా, మూల్యం చెల్లించేది గొట్టం పట్టుకున్నవాడే. నల్లటి కోల్‌తార్ ఎపాక్సీ కూడా మంచిదేం కాదు. చర్మం మీద పడ్డ మరకకు ఎండ తగిలితే కాలినట్టు మండుతుంది. చాలా దేశాలు దాన్ని పక్కన పెట్టి వేరే ఎపాక్సీలకు మళ్లుతున్నాయి.

సీసం సంగతి సరేసరి. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90కి మించకూడదని 2016లో నియమాలు వచ్చాయి, మరుసటేడు నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అవి ఇళ్ల రంగులకే పరిమితం. పరిశ్రమల పూతల సంగతి అందులో లేదు. ఏడేళ్లకోసారి 60 టన్నుల రంగు పూసుకునే పారిస్ ఈఫిల్ టవర్‌నే 2021లో పాత పొరలు గీకుతుండగా సీసం మోతాదు మించిందని ఆపాల్సి వచ్చింది.

ఎండ, మంచు, ఉప్పు

జలాశయంలో నీళ్లు తగ్గేది వేసవిలో. గేట్లకు రంగు వేసేదీ అప్పుడే. మన మెట్టలో మే నెల మధ్యాహ్నం ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. స్ప్రే చేసిన రంగు ఉక్కును చేరేలోపే గాల్లో ఆరిపోయి పొడిలా రాలుతుంది. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీకి ఓ గడువుంటుంది. కలిపాక ఇన్ని గంటల్లో వాడెయ్యాలి. వేడి పెరిగేకొద్దీ గడువు తరుగుతుంది. భోజనానికి వెళ్లి వచ్చేసరికి డబ్బాలో రంగు రాయైపోతే అదీ నష్టమే, లెక్కలో ఎక్కడా రాయని నష్టం.

పోనీ తెల్లవారుజామున మొదలుపెడదామా అంటే ఉక్కు మీద మంచు. కంటికి కనపడని తడి ఉన్నా పూత పట్టదు. ఉక్కు వేడి, మంచు కురిసే వేడిమి కన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువుండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. అవి చూసి, ఇవి చూసి, పని చేయదగిన గంటలు రోజుకు ఎన్ని మిగులుతాయి? కూలి మాత్రం రోజు లెక్కనే.

ఉన్న ఊరును బట్టి కూడా పూత మారుతుంది. కొండాపురం గాలి పొడి. ఇక్కడ ఓ షెడ్డు పదేళ్లు నిలిచే రంగు కృష్ణపట్నం రేవులో క్రేన్‌కు వేస్తే అంతకాలం నిలవదు, ఉప్పుగాలి తినేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాలు గాలినే తరగతులుగా విడగొట్టాయి. పొడి గాలికి చిన్న అంకె, సముద్రపు ఒడ్డుకు పెద్ద అంకె. అంకె పెరిగితే పొరలు పెరుగుతాయి. కోల్‌కతాలో హౌరా వంతెనకైతే ఉప్పుతో పనిలేదు. జనం ఉమ్మే పాన్, గుట్కాలకే కాళ్లు తుప్పు పట్టి ఫైబర్ తొడుగులు వేయాల్సి వచ్చింది!

ఎప్పటికీ తెమలని పనిని ఇంగ్లిషువాళ్లు స్కాట్లాండ్‌లోని ఫోర్త్ వంతెనకు రంగు వేయడంతో పోలుస్తారు. ఈ చివర పూర్తయ్యేసరికి ఆ చివర పాతబడుతుందని. 1890 నాటి ఆ రైలు వంతెనను 2002 నుంచి 2011 దాకా పట్టుబట్టి బాగుచేశారు. పాత పొరలన్నీ ఉక్కు దాకా గీకేసి, గాజు రేకులు కలిపిన ఎపాక్సీ పూశారు. విస్తీర్ణం సుమారు 2.3 లక్షల చదరపు మీటర్లు. పట్టిన రంగు సుమారు 2.4 లక్షల లీటర్లు. చదరపు మీటరుకు లీటరు పైనే. ఇక పాతికేళ్లు చూడక్కర్లేదన్నారు. మన గేటు లెక్కలో చదరపు మీటరుకు ముప్పావు లీటరు కూడా లేదు.

మూలల్లో ఏముంది?

గేటు పాడయ్యేది మధ్యలో కాదు. అంచుల్లో, వెల్డింగు కుట్లలో, బోల్టుల దగ్గర. పదునైన అంచు మీద తడి రంగు నిలవదు, జారి పల్చబడుతుంది. అందుకే స్ప్రేకి ముందు అంచులన్నిటికీ బ్రష్షుతో ఒక గీత వేసుకుంటూ పోవాలి. ఓపిక పని. విస్తీర్ణంలో లెక్కకు రాని పని కాబట్టి ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. గిర్డర్ల మీద నీళ్లు నిలవకుండా చిల్లులు వదులుతారు. ఆకులూ బురదా చేరి అవి మూసుకుంటే, గేటు వెనకే చిన్న చిన్న చెరువులు తయారవుతాయి. ఆ చిల్లులు పొడవడానికి లీటర్లూ అక్కర్లేదు, మైక్రాన్లూ అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు ఓ మనిషి, ఓ ఇనప ఊచ చాలు.

మళ్లీ కొండాపురం వద్దాం. మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు యాంగిళ్ల స్టాండు ఉందనుకోండి. రెండంగుళాల యాంగిల్ అయితే లోపల, బయట కలిపి మీటరు పొడవుకు 0.2 చదరపు మీటరు. అరవై మీటర్ల యాంగిల్ పట్టిందంటే పన్నెండు చదరపు మీటర్లు. రెడాక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు. లీటరు సుమారు పది చదరపు మీటర్లు వస్తుంది. నష్టంతో కలిపి రెడాక్సైడ్ లీటరున్నర, ఎనామిల్ మూడు లీటర్లు తెచ్చుకుంటే సరిపోతుంది. ట్యాంకు నిండి పొర్లిన నీళ్లు స్టాండు కాళ్ల దగ్గర నిలుస్తాయి. తుప్పు అక్కడే మొదలు. యాంగిల్ లోపలి మూలకు పెద్ద బ్రష్షు పట్టదు. దుకాణంలో అడిగి అరంగుళం బ్రష్షు ఒకటి తెచ్చుకోవాలి.